ఒకే నంబరులో ఇద్దరు పర్తినాలు

మా ఆస్పత్రి ప్రహరీ మీద ఒక పెద్ద బ్యానరు ఉండేది. "మూడు లక్షల పన్నెండు వేల మంది నమ్మిన ఆస్పత్రి" అని రాసి, పక్కన డైరెక్టరు డాక్టర్ సుంగ్కోనో ఫొటో వేశారు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నట్టు. ఆయన ఆలోచించగా నేనెప్పుడూ చూడలేదు. ఆ అంకె నిజమైతే జావా దీవిలో మా క్లాతెన్ ఊరి చుట్టుపక్కల మండలాల్లో పుట్టిన ప్రతి మనిషీ మా దగ్గరికి వచ్చి ఉండాలి, ఇంకా పుట్టనివాళ్ళు కూడా కొందరు వచ్చి ఉండాలి. అది తప్పని ఆ భవనంలో నోరు తెరిచి చెప్పిన మనిషి ఒక్కరే. ఆవిడే బు వాగిని (బు అంటే మా దగ్గర అమ్మగారు అన్నట్టు), రికార్డుల గదిలో ఇరవై ఏడేళ్ళు పనిచేసిన మనిషి. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఆ గడ్డం కింద చెయ్యే కళ్ళ ముందుకొస్తోంది. ఏం చెయ్యను!

రికార్డుల గది బట్టలుతికే షెడ్డు వెనక ఉండేది. ఎప్పుడూ సబ్బు ఆవిరి వాసన. ఇనప అరల నిండా రోగుల వివరాలు రాసిన అట్టలు. వాటి మధ్య బు వాగిని పొట్టిగా, తలగుడ్డకి రెండు పిన్నీసులు పెట్టుకుని, మూతపెట్టిన గాజుగ్లాసులో తీపి టీ పక్కన ఉంచుకుని కూర్చునేది. డాక్టర్లు కూడా ఆవిడ దగ్గరికి గొంతు తగ్గించుకునే వచ్చేవాళ్ళు. ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళలో కంప్యూటరుని తిట్టకుండా వాడింది ఆవిడొక్కతే. తిట్లన్నీ మనుషుల కోసం దాచుకునేది.

ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరు వాగిని కాదు. తండ్రి బడిపంతులు, పెద్ద పేర్ల మోజు. రెత్నో కుసుమనింగ్రుమ్ అని పెట్టాడు. పిల్లకి నాలుగేళ్ళొచ్చేదాకా జ్వరం విడవలేదు. పేరు బరువు మోయలేకపోతోందని నాయనమ్మ తేల్చేసింది. మా జావావాళ్ళ ఐదు రోజుల వారంలో వాగే అనే రోజున పుట్టింది కాబట్టి వాగిని అని మార్చి, ఎర్ర జావ, తెల్ల జావ కాచి ఇరుగుపొరుగుకి పంచారు. జ్వరం తగ్గింది. కానీ పంతులుగారు బడి రిజిస్టరులో మాత్రం తనకి నచ్చిన పేరే ఉంచుకున్నాడు. పిల్ల పెరిగి ఉద్యోగానికి వెళ్తే సర్టిఫికెట్టు మీద ఒకరు, గుర్తింపు కార్డు మీద ఇంకొకరు.

"ఇద్దరూ నేనేనని చెప్పుకోడానికి కోర్టుకి మూడుసార్లు తిరిగాను మినీ," అంది ఒకసారి నాతో. "సాక్షులుగా ఇద్దరు ముసలాళ్ళని తీసుకెళ్ళాను. జడ్జి నా మొహం చూడనైనా లేదు. కాగితం మొహమే చూశాడు."

నేను రుస్మినిని. బయట రిజిస్ట్రేషన్ కౌంటరులో రెండో సీటు నాది. ఈ కథలో నకళ్ళు, అంటే ఒకే మనిషికి రెండేసి మూడేసి నంబర్లు, పుట్టించినవాళ్ళలో నేనూ ఉన్నాను, అది ముందే చెప్పేయడం మంచిది.

ఎలాగంటే, కార్డు తేకుండా ఒక ముసలావిడ వస్తుంది. పేరు సుతినా అంటుంది. వెతికితే తెర మీద ఆరువందల నలభై మంది సుతినాలు వస్తారు. పాత డచ్చివాళ్ళ కాలం స్పెల్లింగుతో రాసుకున్నవాళ్ళు వేరే. చిన్నప్పుడు జబ్బు చేసి పేరు మార్చుకున్నవాళ్ళు ఇంకా వేరే. ఈవిడ ఎవరో తేలాలంటే మూడు నిమిషాలు కూర్చోబెట్టి అమ్మపేరు, పాత పేరు, ఊరి పెద్ద పేరు అడగాలి. కానీ మా నెత్తి మీద డాక్టర్ సుంగ్కోనో ఒక ఎర్రంకెల గడియారం పెట్టించాడు. రోగికి తొంభై సెకన్లు. దాటితే అది మిణుకుమిణుకుమంటుంది, వెనక వరసలోవాళ్ళంతా మన వైపు చూస్తారు. "కొత్త రోగి" అన్న బటన్ నొక్కితే నలభై సెకన్లలో పని అయిపోతుంది. ప్రభుత్వ గుర్తింపు నంబరు అడిగే గడిలో పదహారు తొమ్మిదులు కొట్టేవాళ్ళం. ఆ యంత్రం నోరు మెదపకుండా మింగేసేది. అలా పదహారు తొమ్మిదుల నంబరున్న మనుషులు మా దగ్గర ఆరువేల మంది తేలారు. నెలనెలా అందరికంటే వేగంగా పనిచేసిన కౌంటరుకి బహుమతి. నాకు ఒకసారి రైస్ కుక్కర్, ఒకసారి ఫ్యాను వచ్చాయి. సిగ్గులేకుండా రెండూ ఇంటికి పట్టుకెళ్ళాను.

ఒక పెద్దాయనకి మా దగ్గర పదకొండు నంబర్లు ఉండేవి. ఒకదాంట్లో షుగరు, ఇంకోదాంట్లో గుండె, మరోదాంట్లో విరిగిన కాలు. ఆయన్ని మొత్తంగా చూసిన డాక్టరు ఒక్కడూ లేడు. బు వాగిని ఆ పదకొండు అట్టలూ ఒక తాడుతో కట్టి, సోమవారం మీటింగుకి తీసుకొచ్చింది.

సోమవారం మీటింగంటే అట్టపెట్టెలో తినుబండారాలు, డైరెక్టరుగారి ఉపన్యాసం. ఆయన ముగించాక ఆవిడ లేచింది.

"సార్, మన దగ్గర మూడు లక్షల మంది లేరు. నేను లెక్క తీశాను. లక్షా ఎనభై ఒక్కవేలు. మిగతావన్నీ నకళ్ళు."

"అంటే బు వాగిని, లక్షా ముప్పై వేల మంది రోగుల్ని తీసి పారెయ్యమంటారా?"

"రోగుల్ని కాదండీ. వాళ్ళు అసలు లేరు. ఉన్నవాళ్ళనే రెండుసార్లు, ఐదుసార్లు రాసుకున్నాం. ఇదిగో, ఈయన పదకొండుసార్లు ఉన్నాడు."

"లేనివాళ్ళు ఇన్నేళ్ళు మన దగ్గర ఎలా ఉన్నారండీ మరి?" అని డైరెక్టరు నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చేతిలో ఆకులో చుట్టిన అన్నం ఉండ సగం కొరికి ఉంది. 

రెండేళ్ళు గడిచాయి. ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. వాళ్ళు చూసేవాటిలో నకలు రికార్డులు కూడా ఉన్నాయని తెలిసింది. ఆ రోజు నుంచి డాక్టర్ సుంగ్కోనో నకళ్ళంటే తనకి పుట్టుకతోనే పగ ఉన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. కళ్ళు నెత్తికెక్కిన మనుషులకి ఒక సుఖం ఉంది, నిన్న ఏమన్నారో వాళ్ళకి గుర్తుండదు. జకార్తా నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించాడు. పేరు రాదిత్యో. నలభై ఏళ్ళవాడు, మేజోళ్ళు లేని బూట్లు, మెడలో రెండు కార్డులు, ఏది అడిగినా ముందు చిరునవ్వు. రెండు రికార్డుల్లో పేరు, పుట్టినరోజు, మండలం ఈ మూడూ కలిస్తే అది ఒకే మనిషి అని తేల్చే ప్రోగ్రాం తెచ్చాడు. మూడూ కలిసిన చోటల్లా అది తనంతట తనే కలిపేస్తుందట. రెండిట్లో ఏది తాజాదో అదే నిజమనుకుంటుందట.

బు వాగిని ఆ మాట విని గ్లాసు మీద మూత పెట్టింది.

"బాబూ, మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళకి పుట్టినరోజు తెలీదు. కార్డు రాసేవాడు డిసెంబరు ముప్పై ఒకటి అని కొట్టి పంపేస్తాడు. అరవై దాటినవాళ్ళలో నాలుగోవంతు మంది అదే రోజున పుట్టారు మా దగ్గర. పేర్లు చూస్తే ఒక్క ముక్కే, ఇంటిపేరు లేదు. ఇక మీరు కలిపేది ఏమిటి?"

"అవన్నీ ప్రోగ్రాం చూసుకుంటుంది, బు."

"చూసుకుంటుందా? దానికి ఈ ఊళ్ళో ఎవరైనా తెలుసా?"

"వెయ్యికి ముగ్గురి దగ్గర పొరపాటు జరగొచ్చు. ప్రపంచమంతా ఒప్పుకునే లెక్క అది."

"ఆ ముగ్గురూ ఒప్పుకున్నారా? అడిగారా వాళ్ళని?"

రాదిత్యో చిరునవ్వు నవ్వి డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు బు వాగినిని టీ పంపించమని అడిగాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం హాల్లో పెద్ద తెర మీద అంకె గిరగిరా తగ్గుతూ వచ్చింది. పెళ్ళి చూడ్డానికి వచ్చినట్టు అందరం కుర్చీల్లో కూర్చున్నాం. లక్షా డెబ్బై తొమ్మిదివేల దగ్గర ఆగింది. చప్పట్లు మోగాయి. డైరెక్టరు రాదిత్యోని కౌగలించుకున్నాడు. చప్పట్లు ఆగాక బు వాగిని అడిగింది, "నా లెక్కకన్నా రెండువేలు తక్కువొచ్చాయి. ఆ రెండువేల మంది మనుషులు ఎక్కడికి పోయారు?"  మైకు అప్పటికే ఆపేశారు. బ్యానరు దింపించి "అత్యంత శుద్ధమైన సమాచారం" అని కొత్తది కట్టించారు. చెయ్యి మాత్రం గడ్డం కిందే ఉంది.

ఆవిడ ఐదు వారాలు పాత అట్టలు తిరగేసి, ఇద్దరు వేర్వేరు మనుషుల్ని ఒకటి చేసిన జతలు రెండువందల పద్నాలుగు పట్టుకుంది. మొదటి జత పర్తినా, పర్తినా. ఇద్దరిదీ ఒకే మండలం, ఇద్దరూ కాగితం మీద 1954 డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టారు. ఒకావిడ కొండవాలు పల్లెలో వెదురు బుట్టలు అల్లుతుంది. ఒక ఆంటీబయాటిక్ సూదిమందు పడక పద్నాలుగేళ్ళ క్రితం చావు తప్పించుకుంది. ఆవిడ అట్ట మీద ఎర్ర సిరాతో ఆ సంగతి రాసుంది. రెండో ఆవిడ సంతలో పెచెల్, అంటే ఉడికించిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి, అమ్ముతుంది. ఆవిడకి పోయినేడు అదే మందు వేశారు, ఏమీ కాలేదు. ప్రోగ్రాం తాజాదాన్ని నమ్మింది. ఎర్ర సిరా మాట మాయమైంది.

జాబితాకి ఉత్తరం జతచేసి డైరెక్టరుకి పంపింది. మూడో రోజున తిరిగొచ్చింది. అంచున "చూశాను" అని రాసి సంతకం పెట్టాడు. ఆయన ఒప్పుకోనిదే ఒక్క రికార్డు కూడా విడదియ్యడానికి లేదు.

ఆ నెలలోనే బుట్టల పర్తినా వచ్చింది. వెదురు చీల్చే కత్తి చేతిలో దిగి, గాయం చీము పట్టింది. నేనే రిజిస్టరు చేశాను. పేరు కొడితే ఒక్క వరసే వచ్చింది, ఎంత హాయనుకున్నాను! గడియారం ముప్పై నాలుగు సెకన్లు చూపించింది. పక్కనే సూదిమందు వేసే గదిలోంచి, నర్సుతో మాట్లాడుతున్న ఆవిడ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

"అమ్మాయ్, నాకు తెల్లటి సూదిమందొకటి పడదు. గొంతు మూసుకుపోయింది ఒకసారి."

"ఏ మందవ్వా?"

"పేరు నాకేం తెలుసు తల్లీ."

నర్సు తెర చూసింది. "ఇదిగో, పోయినేడు ఇదే వేశారు కదవ్వా. ఏమీ కాలేదని రాసుంది."

"నాకు వెయ్యలేదమ్మా."

"మర్చిపోయుంటావులే. పెద్దదానివయ్యావు."

చర్మం మీద చుక్క వేసి చూసే పరీక్ష కూడా చెయ్యలేదు. పోయినేడు పడిన మందుకి పరీక్షెందుకు? పది నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి, ఊపిరి ఈలలా వచ్చింది. డ్యూటీ డాక్టరు పరిగెత్తుకొచ్చి బతికించాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. ప్రాణం నిలబడింది కానీ గొంతు బొంగురుపోయింది, మళ్ళీ బాగుపడలేదు. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పిన మనిషిని కాదని గాజుపలకని నమ్మారు. ఇందులో నర్సు తప్పెంత, నా తప్పెంత అని చాలా రోజులు తూకం వేశాను. వేసినన్నాళ్ళూ నా వాటా తగ్గించుకోవడానికే చూశాను.

డైరెక్టరుకి ఆ బాధ లేదు. వారం తిరక్కుండానే "రికార్డుల నమోదులో నిర్లక్ష్యం" అని బు వాగిని పేర హెచ్చరిక ఉత్తరం తయారైంది. సంతకం పెట్టమని గదికి పిలిచాడు. సాక్షిగా నన్ను నిలబెట్టారు.

"నేను జాబితా పంపాను సార్. మొదటి పేరే ఈవిడది. మీ సంతకం ఉంది దాని మీద."

"చూశానన్నాను. ఒప్పుకున్నానని రాశానా?"

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు కాదు కదా, చిన్న ఇబ్బంది కూడా లేదు. లెక్క సరిగ్గా చెప్పిన బడిపిల్లాడిలా వెలిగిపోయాడు. బు వాగిని ఉత్తరం రెండుసార్లు చదివింది. పెన్నుకి మూత పెట్టింది.

"నేను పెట్టను సార్. మీరు చేసిన పనిని నా పేరులో కలిపారు. ఈ కలపడం కూడా తప్పే."

బయటికొచ్చాక నా వైపు తిరిగి, "ఆదివారం బండి తీసుకురా. కొండ మీదికి పోవాలి," అంది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. పర్తినా వాకిట్లో వెదురు బద్దలు ఆరబెడుతోంది. చేతికి కట్టు అలాగే ఉంది. బు వాగిని చాప మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు దాచకుండా చెప్పింది, క్షమించమంది. ఆస్పత్రి తరఫున ఎవరూ అప్పటిదాకా ఆ ఇంటి గడప తొక్కలేదు. నేను కౌంటరులో నలభై సెకన్ల సంగతి చెప్పాను. 

పర్తినా అంతా విని బొంగురు గొంతుతో అడిగింది, "అయితే మీ పెట్టెలో నేను పెచెల్ అమ్ముతానా?"

"అమ్ముతావవ్వా."

"బాగా చేస్తానా?"

ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాం కానీ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ రెండో పర్తినాని నాకు చూపించండి. నా మందులు ఆవిడ తిందో నేను ఆవిడవి తిన్నానో తేల్చుకుంటాను," అంది.

తనిఖీ రోజు రానే వచ్చింది. పర్తినాలిద్దరికీ ఆ వారంలో ఎలాగూ చూపించుకునే పని ఉంది. ఆ రోజే రమ్మంది బు వాగిని. సెమరాంగ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ, ఏభై ఏళ్ళ సన్నటి మనిషి, డైరెక్టరు వెంట నడుస్తూ నా కౌంటరు దగ్గర ఆగింది. డైరెక్టరు శుద్ధమైన సమాచారం గురించి చెప్తున్నాడు.  మైకులో పిలిచాను, "పర్తినా గారూ!"

ఇద్దరు ముసలమ్మలు లేచారు.

రికార్డులు కలిపాక మేం కొత్తగా ఇచ్చిన ఇద్దరి కార్డులూ డాక్టరమ్మ తీసుకుంది. ఒకే నంబరు.

"అక్కచెల్లెళ్ళేమో," అన్నాడు డైరెక్టరు.

"ఏం అక్కచెల్లెళ్ళు నాయనా!" అంది పెచెల్ పర్తినా. "ఈవిడ మొహం ఇవాళే చూడ్డం. ఆవిడ కొండ మీద, నేను సంతలో."

డాక్టరమ్మ తెర మీదికి వంగి చదివింది. "పోయిన నెల ఐసీయూలో ఉన్నది మీరేనా అమ్మా?"

"నేనెందుకుంటాను! ఆ నెలంతా ఒక్క రోజు కూడా దుకాణం ముయ్యలేదు."

"నేనున్నాను," అంది బుట్టల పర్తినా. ఆ బొంగురు గొంతు విని డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"ఇలాంటివి ఎన్ని?" అంది డాక్టరమ్మ.

"ఇదొక్కటేనండీ," అన్నాడు డైరెక్టరు, ఆలోచించకుండానే.

బు వాగిని ముందుకొచ్చి జాబితా చేతికిచ్చింది. "నేను పట్టుకున్నవి రెండువందల పద్నాలుగు. పట్టుకోనివి ఇంకా ఉన్నాయి. ఉత్తరం మీద తారీకు చూడండమ్మా, సంతకం కూడా."

గుర్తింపు ఆగిపోయింది. కలిపినవాటిని విడదియ్యమన్నారు. రాదిత్యోకి ఫోను చేస్తే, కలపకముందు ఉన్న కాపీ చెరిపేశానన్నాడు. ఎందుకయ్యా అంటే, "అది కూడా నకలే కదండీ" అన్నాడట! ఆ మాట చెప్పినప్పుడు కూడా చిరునవ్వు నవ్వే ఉంటాడు. డాక్టర్ సుంగ్కోనోకి ఏమైందంటే, ఏమీ కాలేదు. ఆస్పత్రి నడిపే సంస్థ ఆయన్ని జోగ్జా ఆఫీసుకి మార్చి సలహాదారు పదవి ఇచ్చింది. వీడ్కోలు సభలో శాలువా కప్పారు. సమాచార శుద్ధి అనే విషయం మీద ఊరూరా మాట్లాడుతున్నాడని విన్నాను. వినేవాళ్ళు ఉన్నారంటే, చెప్పేవాడిని ఒక్కడినే ఏమనగలం!

బు వాగిని ఆ సభకి రాలేదు. రికార్డుల గదిలో పనిలో ఉంది. పాత కాగితం అట్టలని తగలబెట్టే ఉత్తర్వు మీద మూడేళ్ళుగా సంతకం పెట్టకుండా, ఒకసారి చెద అని, ఒకసారి లెక్క తేలలేదని సాకులు చెప్తూ ఆపింది ఆవిడే. ఇప్పుడు వాటితోనే మనుషుల్ని మళ్ళీ విడదియ్యాల్సి వచ్చింది. నన్ను ఆ గదికి మార్చమని అడిగి వెళ్ళాను. పద్నాలుగు నెలలు పట్టింది. మొత్తం పందొమ్మిదివందల చిల్లర జతలు తేలాయి. అట్ట చాలకపోతే ఫోను, ఫోను లేకపోతే బండి మీద పల్లెకి. "చిన్నప్పుడు నిన్నేమని పిలిచేవారవ్వా?" అని అడగడం నాకు అక్కడే అలవాటైంది. ఆ ఒక్క మాటకి గంటసేపు కథ చెప్పేవాళ్ళు. బు వాగిని ఎవరినీ మధ్యలో ఆపేది కాదు.

చివరికి ముప్పై ఒక్క జతలు మిగిలాయి. కాగితం లేదు, మనుషులు ఊరొదిలి పోయారు. ఇద్దరో ఒక్కరో ఎవరూ చెప్పలేరు. కంప్యూటరు తెర మీద రెండే బటన్లున్నాయి, "ఒకరే", "వేర్వేరు". ఏదో ఒకటి నొక్కి ముగించమన్నాడు కొత్త మేనేజరు.

"నాకు తెలీదు," అంది బు వాగిని. "తెలీనిదానికి నేనేం నొక్కను? ఇంకో బటన్ పెట్టించండి."

"మొత్తం ముప్పై ఒకటే కదా, బు."

"ముప్పై ఒకటి కాదు. అరవై రెండుమంది అయ్యుండొచ్చు."

నాలుగు ఉత్తరాలు రాసింది, రెండు మీటింగుల్లో కూర్చుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీవాడు అలాంటి బటన్ ఎక్కడా లేదన్నాడు. ఆవిడ రిటైరు కావడానికి పదకొండు రోజుల ముందు "తెలియదు" అన్న బటన్ వచ్చింది. ముప్పై ఒక్కసార్లూ తనే నొక్కింది, ఒక్కొక్క పేరూ పైకి చదువుతూ. ఆ పేర్లు ఎవరైనా ఇప్పుడు తెరిస్తే పైన పసుపుపచ్చ గీత కనిపిస్తుంది. మందు వేసేముందు మనిషిని అడగండి అని దాని మీద రాసుంటుంది.